ఎనిమిదో సెమిస్టర్‌ని కొనుక్కోకండి

ఇంటర్న్‌షిప్ గురించి ఫైనల్ ఇయర్ సీనియర్లని అడిగితే రెండు రకాల సమాధానాలు వస్తాయి. ఒకటి, "మంచి కంపెనీ దొరికితే నీ అదృష్టం రా." రెండోది కాస్త గొంతు తగ్గించి చెప్తారు: "దొరక్కపోతే టెన్షన్ పడకు, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లున్నారు, నంబర్ పంపిస్తా." నా గొడవంతా ఈ రెండో సమాధానంతోనే.

జూనియర్ల కోసం ముందు అసలు సంగతి చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో బీటెక్‌లో చేరిన బ్యాచ్ నుంచి ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి చేశారు. రెండో ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, మూడో ఏడాది అయ్యాక ఇండస్ట్రీ ఇంటర్న్‌షిప్, చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, దాంతోపాటు ప్రాజెక్ట్. ఈ మూడోదానికి మన క్యాంపస్‌లో ముద్దుపేరు "ఫ్రీ సెమ్". క్లాసులుండవు, కాబట్టి ఇంటికెళ్లి గేట్‌కో బ్యాంక్ పరీక్షలకో చదువుకోవచ్చు, లేదా పడుకోవచ్చు. ఎవరికో కొన్ని వేలు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని, పాత పీపీటీలో పేరు మార్చి వైవాలో మమ అనిపిస్తే అయిపోతుంది.

అయిపోతుంది, నిజమే. కానీ మనం కొనుక్కునేది కాగితం, పోగొట్టుకునేది ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో ఏముందో తెలిస్తే ఈ బేరం ఎంత నష్టమో అర్థమవుతుంది.

చదువు మధ్యలో పనికి పంపడం కొత్త ఆలోచనేం కాదు. 1906లోనే అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ 27 మంది స్టూడెంట్లతో దీన్ని మొదలుపెట్టాడు. ఒక వారం క్లాసు, ఒక వారం ఫ్యాక్టరీ. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ 1957లో పుట్టిందే ఈ కో-ఆప్ పద్ధతితో. ఇప్పుడక్కడ ఒక్కో వర్క్ టర్మ్ నాలుగు నెలలు. మన దేశంలో బిట్స్ పిలానీ 1973లో ప్రాక్టీస్ స్కూల్ పెట్టింది. అందులో రెండోది ఐదున్నర నెలలు. అంత దూరం కూడా అక్కర్లేదు, మన పాలిటెక్నిక్‌లలోనే ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంది. ఇంతకాలం ఎందుకు? పది రోజులు ఫ్యాక్టరీ చూపించి పంపేయొచ్చుగా?

మా క్లాసులో ఈసెట్ రాసి సెకండ్ ఇయర్‌లో చేరిన ఫ్రెండ్ ఒకడున్నాడు. డిప్లొమాలో ఆ ఆరు నెలలూ ఒక చిన్న కంపెనీలో చేసొచ్చాడు. కిరాణా షాపులకి, మందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ, మొత్తం ఏడుగురే. మొదటి నెల వాడి పని ఇన్‌స్టాల్ చేయడం, ప్రింటర్ కనెక్ట్ చేయడం. రెండో నెలలో బిల్లు మీద జీఎస్టీ లెక్కకట్టే చిన్న ఫంక్షన్ రాయమన్నారు. రాశాడు, టెస్ట్ చేశాడు, అందరూ బాగుందన్నారు. రెండు నెలల ఇంటర్న్‌షిప్ అయితే కథ ఇక్కడితో సుఖాంతం, రెజ్యూమేలో ఒక లైన్.

నాలుగో నెలలో ఒక షాపు ఓనర్ ఫోన్ చేశాడు. "తమ్ముడూ, లెక్క తేడా కొడుతోంది." (మనోళ్లు రాసే బగ్ రిపోర్టులన్నిటికంటే ఇదే క్లియర్‌గా ఉందని నా అభిప్రాయం.) వాడు రెండు రోజులు కూర్చుంటే తేలిందేంటంటే, తన ఫంక్షన్ ఒక్కో వస్తువు మీద పన్ను విడివిడిగా రౌండ్ చేసి కలుపుతోంది. ఆడిటర్ మాత్రం అన్నీ కలిపాక చివర్లో రౌండ్ చేస్తున్నాడు. ఒక్క బిల్లులో తేడా పైసల్లోనే ఉంటుంది. నెలాఖరుకి, వందల బిల్లులకి, అది రూపాయల్లో తేలింది. పైగా తను రెండు నెలల కింద రాసిన కోడ్ తనకే అర్థం కాలేదట. వేరియబుల్ పేర్లు ఏ, బీ, టెంప్, టెంప్2.

లాంగ్ ఇంటర్న్‌షిప్ అంటే నాకు ఇదే. మనం చేసిన పని తిరిగొచ్చి మన తలుపు కొట్టేంత కాలం అక్కడ ఉండటం. రెండు నెలలకే వచ్చేసుంటే ఆ తేడాని ఇంకెవరో సరిచేసేవారు, వాడికి అసలు తెలిసేదే కాదు. ల్యాబ్‌లో మన ప్రోగ్రామ్ బతికేది ఎక్స్‌టర్నల్ వచ్చి వెళ్లేదాకా. దాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. కోడ్ నీట్‌గా రాయాలి, కామెంట్లు పెట్టాలి అని సార్లు ఎంత చెప్పినా మనకి ఎందుకెక్కదో ఇప్పుడు అర్థమైంది. మనకి ఆ నాలుగో నెల ఎప్పుడూ రాలేదు.

కాబట్టి నిజంగా వెళ్లేవాళ్లు మొదట చూడాల్సింది కంపెనీ పేరు కాదు, అక్కడ నిజంగా ఎవరైనా వాడుతున్న పని మన చేతికి వస్తుందా అని. ఎంత చిన్నదైనా పర్లేదు. ఇంటర్న్‌ల కోసమే తయారుచేసిన డమ్మీ ప్రాజెక్ట్ ఇస్తే, దాన్ని త్వరగా పూర్తిచేసి, "లైవ్‌లో ఉన్న ఒక చిన్న బగ్ ఇవ్వండి సార్" అని అడగాలి. అడగాలంటే మనకి మొహమాటం. స్కూల్ నుంచీ డౌట్ అడిగితే క్లాసంతా నవ్వుతుందన్న భయమే ఇంకా వదల్లేదు. కానీ ఆఫీసులో "కొత్తగా వచ్చానండీ, తెలీదు" అనే మాట చెల్లేది ఈ ఆరు నెలలే. జీతం తీసుకునే రోజున అదే మాట అంటే మొహం వేరేలా పెడతారు.

అడగడానికీ ఒక పద్ధతుందని మా ఫ్రెండ్ అంటాడు. అరగంట సొంతంగా కొట్టుకోవాలి, ఏమేం ట్రై చేశామో రాసుకోవాలి, తర్వాత ఆ కాగితం పట్టుకుని వెళ్లాలి. సగంసార్లు రాస్తుండగానే జవాబు దొరికేస్తుందట. చాట్‌జీపీటీని అడిగితే పోలేదా అంటారేమో. ముందు, కంపెనీ కోడ్ బయట పేస్ట్ చేసే పర్మిషన్ మనకుందా లేదా కనుక్కోవాలి. ఉన్నా కూడా, ఆ టేబుల్‌లో ఫలానా కాలమ్ ఎందుకు ఖాళీగా ఉందో దానికెలా తెలుస్తుంది? అది పక్క టేబుల్ దగ్గర కూర్చునే అకౌంటెంట్ ఆంటీకి తెలుసు. టీ టైమ్‌లో మాట కలిపితే చెప్తారు, అదీ తెలుగులోనే. ఇంగ్లిష్ మీడియంలో చదివి, తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారైన నాకు ఈ సంగతి బాగా నచ్చింది. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క చూసుకుంటుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇంటర్న్ అంటే ఫ్రీగా దొరికిన మనిషి అనుకునే కంపెనీలున్నాయి. నాకు తెలిసిన ఒక సీనియర్‌తో నెలల తరబడి ఎక్సెల్‌లో ఫోన్ నంబర్లే కొట్టించారు. ఇలాంటప్పుడు సహనం చూపించడం గొప్ప కాదు. మొదటి నెల దాటకుండానే "నా పని ఏంటి, ఎవరు చూస్తారు" అని మెయిల్‌లో అడగాలి, కాలేజీ గైడ్‌కి కాపీ పెట్టాలి. జవాబు రాకపోతే వెతుక్కోవడానికి ఇంకా టైమ్ ఉంటుంది. ఐదో నెలలో ఏడిస్తే ఉండదు.

స్టైపెండ్ లేకుండా హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు కట్టి ఆరు నెలలు ఉండటం అందరి వల్లా కాదు. ఈ మాట పక్కనపెట్టి "ప్యాషన్ ఉంటే చాలు" అనే స్పీచ్‌లు నాకు ఒళ్లుమంట. డబ్బుల్లేక సర్టిఫికెట్ కొనేవాణ్ణి నేను తిట్టలేను. కానీ ఇంటి దగ్గర ఊళ్లోనే హాస్పిటల్ ఉంటుంది, పాల కేంద్రం ఉంటుంది, స్కూల్ ఉంటుంది. వాళ్ల రికార్డులు ఇంకా పుస్తకాల్లోనో, పాడైపోయిన ఎక్సెల్ ఫైల్లోనో ఉంటాయి. అలాంటి చోట ఆరు నెలలు చేసిన పనిని కాలేజీ ఇంటర్న్‌షిప్‌గా ఒప్పుకోవాలి. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్‌కి ఊళ్లలోకి పంపిన కాలేజీ దీనికి ఎందుకు కాదంటుంది?

అసలు ఈ అమ్మకాలు నడుస్తున్నది కాలేజీ సర్టిఫికెట్ ఒక్కటే చూడటం వల్ల. వైవాలో లాగ్‌బుక్ తెరిచి, "ఫలానా రోజు ఈ ఎర్రర్ అని రాశావు, ఎలా పోయింది?" అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. కొన్నవాడు దొరికిపోతాడు, చేసినవాడికి చెప్పుకోవడానికి బోలెడంత ఉంటుంది. డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఈ మాట అడగమని మా క్లాస్ రిప్రజెంటేటివ్‌కి చెప్పాను. మీ క్లాసుల్లో కూడా చెప్పండి.

ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఒక గూగుల్ షీట్ మొదలుపెట్టాను: కంపెనీ, ఊరు, ఎవరు గైడ్ చేశారు, మొదటి నెలలో ఏం పని ఇచ్చారు, స్టైపెండ్ ఎంత, డబ్బులడిగారా. వెళ్లిపోతున్న సీనియర్లు ఒక్కో లైన్ నింపండి, లింక్ క్లబ్ గ్రూప్‌లో ఉంటుంది. పేరు పెట్టడం ఇష్టం లేకపోతే వదిలేయండి. చివరి కాలమ్ మాత్రం ఖాళీ వదలొద్దు.