కొండెక్కండి, కానీ మా ఊరిని అడిగి ఎక్కండి

నవంబర్ వచ్చిందంటే చాలు, తెల్లారకముందే పాడేరు రోడ్డు నిండా కార్ల లైట్లు. అందరూ వంజంగికే. కొండ మీద నిలబడితే కిందంతా మబ్బుల సముద్రం, దాని మీద పొద్దు పొడుపు. అందం మాట నిజమే, కాదనను.

వాళ్లు దిగిపోయాక చూడండి. నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, పగిలిన బీరు సీసాలు. ఆ గాజు పెంకుల మీద నడిచేదెవరు? అడ్డాకులకీ కట్టెలకీ వెళ్లే మన అమ్మలు, పశువులు కాసే మన పిల్లలు. వాళ్లకది ట్రెక్కింగ్. మనకది బతుకుదారి.

"టూరిజం వల్ల మీకే కదా ఉపాధి?" అంటారు. అవును, టీ కొట్టు, బొంగు చికెన్, ఆటో కిరాయి దొరుకుతున్నాయి. మంచిదే. కానీ రోజుకి ఎంతమంది ఎక్కాలి, ఏ దారిన ఎక్కాలి, వచ్చిన డబ్బు ఎవరికి చేరాలి అన్నది ఎవరు తేల్చాలి? టీ అమ్ముకోవడం మన వంతు, కొండ మీద పెత్తనం ఇంకొకరి వంతా?

చట్టం మన వైపే ఉంది. మన సంప్రదాయాలనీ, ఉమ్మడి వనరులనీ కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందని 1996 పెసా చట్టం చెప్పింది. సామూహిక అటవీ వనరుల్లోకి రాకపోకలని నియంత్రించే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ ఇచ్చింది. గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1/70 ఉంది. బినామీ పేరుతో రిసార్టు కట్టినా అది చెల్లదు.

ఆస్ట్రేలియాలో ఉలురు అనే ఎర్ర కొండ ఉంది. ఎత్తు 348 మీటర్లే. అనంగు ఆదివాసులకి అది పవిత్రం. "దయచేసి ఎక్కొద్దు" అని ఏళ్ల తరబడి అడిగినా జనం గొలుసు పట్టుకుని ఎక్కారు. 1985లో ఆ భూమి హక్కు అనంగులకి తిరిగొచ్చింది. 2019 అక్టోబర్ 26న ఎక్కడం పూర్తిగా ఆగింది. అయినా చూడ్డానికి వచ్చేవాళ్లని వాళ్లు వద్దనలేదు. మనమూ గేటు మూసేద్దామనడం లేదు. తాళం చెవి ఊరి చేతిలో ఉండాలంటున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనలోనూ తప్పుంది. కొండ మీద రీల్స్ తీస్తాం, గ్రామసభకి మాత్రం పోం. ఈసారి పోదాం. ఎంతమంది, ఎంత రుసుము, చెత్త ఎవరు దించాలి, ఊట దగ్గరికి ఎవరూ పోకూడదు అని తీర్మానం రాయిద్దాం. చదువుకున్నది ఇందుకే కదా!

మా ఊళ్లో మా రాజ్యం. మా కొండ మీదా అంతే.

జై ఆదివాసీ!