మరణమును జయించుట యననేమి?

క్రైస్తవుల పునరుత్థాన విశ్వాసమును గూర్చి మన విద్యావంతులలో రెండభిప్రాయములు ప్రబలియున్నవి. చచ్చినవాడు లేచివచ్చెననుట పురాణగాథ యని కొందఱు త్రోసివైతురు. మఱికొందఱు ఉదారబుద్ధితో, ఆత్మకు నాశము లేదని మన గీత బోధించినదే వారును వేఱుమాటలతో బోధించుచున్నారని సమన్వయింతురు. మొదటివారితో వాదమునకు దిగుట మా యుద్దేశము కాదు. రెండవవారి సౌజన్యము మాత్రము విషయమును మఱుగుపఱచుచున్నదని మా తలంపు. పొరుగువాని మతమును మన మతముగా మార్చి మెచ్చుకొన్నచో, మెచ్చుకొన్నది మనలను మనమే.

గీత ద్వితీయాధ్యాయమున దేహము జీర్ణవస్త్రము. దేహికి చావు లేదు. గ్రీకులలో ప్లేటో ఈ భావమునకు చాల చేరువగా వచ్చెను. క్రీ. పూ. 399లో సోక్రటీసు విషపాత్రను ప్రశాంతముగా త్రాగెను. దేహబంధము వీడుట ఆయనకు విముక్తి. యేసు మరణ మట్టిది కాదు. గెత్సేమనే తోటలో ఆయన కలతచెందెను. ఆ పాత్ర తననుండి తొలగవలెనని ప్రార్థించెను. సిలువపై, దేవుడు తన్నేల విడిచెనని ఆక్రోశించెను. సువార్తికులు దీనిని దాచలేదు. తమ గురువును ధీరోదాత్తునిగా చిత్రింప గోరినవారు ఇట్లు వ్రాసియుండరు. వారి దృష్టిలో మరణము పాతబట్టను విడుచుట కాదు, అది శత్రువు. క్రీ. శ. 54 ప్రాంతమున కొరింథు సంఘమునకు వ్రాసిన లేఖలో పౌలు దానిని కడపటి శత్రువుగా లెక్కించెను. అతడే ఏథెన్సులో ప్రసంగించునపుడు, మృతులు లేచుదురను మాట రాగానే కొందఱు పరిహసించిరట. ఆత్మ అమరమని మాత్రము చెప్పియున్నచో ప్లేటో పుట్టిన నగరమున ఎవరు నవ్వియుందురు?

దేహము లేచుటయే కావలెనని ఈ పట్టుదల యేల? యూదులలో ఈ యాశ బలపడిన కాలమును చూచిన విషయము తేటపడును. క్రీ. పూ. 167 ప్రాంతమున అంతియొకస్ రాజు యూదుల ధర్మాచారమును నిషేధించి, విడువనివారిని చంపించెను. మృతులు మట్టినుండి మేల్కొందురని స్పష్టముగా చెప్పు దానియేలు గ్రంథ భాగము ఆ దినములలోనే వెలువడినదని పలువురు పండితులు నిర్ణయించిరి. మక్కబీయుల రెండవ గ్రంథమున, తల్లి కన్నులయెదుట చిత్రవధకు గురియైన యేడుగురు అన్నదమ్ముల కథ కలదు. వారిలో నొకడు తన చేతులను చాచి, వీనిని దేవుడే మరల నిచ్చునని రాజుతో పలుకును. స్వధర్మమునకై ప్రాణము లొడ్డినవారు తుండెములై పడియుండగా, చంపించినవాడు సింహాసనముపై సుఖముగా నుండుటతో కథ ముగిసినట్లేనా? ఈ ప్రశ్నయే ఆ విశ్వాసమునకు పుట్టినిల్లు. యేసు కాలమున పరిసయ్యులు దీనిని నమ్మిరి. దేవాలయాధికారము చేతబట్టుకొని రోమనులతో సఖ్యముగా మెలగిన సద్దూకయ్యులు నమ్మలేదు. ఉన్న యేర్పాటువలన సుఖపడువారికి చనిపోయినవారు మరల లేచుట అంత యవసరముగా తోచదు కాబోలు!

సిలువ నేడు బంగారు గొలుసునకు వ్రేలాడు నగ. రోమను రాజ్యమున అది బానిసలకును తిరుగుబాటుదారులకును విధించిన శిక్ష. స్పార్టకసు దండు ఓడిన పిమ్మట, క్రీ. పూ. 71లో, కాపువానుండి రోమువఱకు బాట పొడవున 6,000 మందిని సిలువ వేసిరి. 1968లో యెరూషలేమునకు ఉత్తరమున గివత్ హమివ్తార్ సమాధులలో ఒక మడమయెముక బయటపడెను. మొదటి శతాబ్దపు యువకునిది. ఇనుపమేకు వంగి, ఎముకలోనే చిక్కుకొనియుండెను. ఆ శిక్ష ప్రాణము తీయుటతో తృప్తిపడునది కాదు. మనుష్యుని నలుగురిలో నగ్నముగా నిలిపి, చూచువారి గుండెలలో రాజ్యభయమును నాటుట దాని పని. యేసు తలపై వ్రాసిన నేరము యూదుల రాజనుటయే. క్రీ. శ. 26 మొదలు 36 వఱకు యూదయను పాలించిన పిలాతు తీర్పది. దానిపై అప్పీలు లేదు. ఆయనను దేవుడు లేపెనని శిష్యులు చాటినపుడు, ఆ తీర్పు కొట్టివేయబడెననియే చాటిరి. సామ్రాజ్యము చేతిలో చంపుటకు మించిన ఆయుధము లేదు. అదియు చెల్లలేదని నమ్మినవానిని ఏమి చేయగలరు? 1947కు ముందు మన దేశమున ఉరికంబమెక్కిన వారి చరిత్ర చదివిన వారికి ఇది వేఱుగ వివరింప నక్కఱలేదు.

ఇంకొక విశేషము. లేచినవాని దేహమున గాయములు మాసిపోలేదు. తోమాకు ఆయన చూపినవి వానినే. జరిగిన యన్యాయము జరుగనట్లు తుడిచివేయుట విజయము కాదని ఆ గాథ కూర్చినవారికి తెలియును. మార్కు సువార్తయైతే, ప్రాచీనతమములైన రెండు సంపూర్ణ వ్రాతప్రతులలో, ఖాళీ సమాధిని చూచిన స్త్రీలు భయముతో పరుగెత్తి ఎవరికిని చెప్పకపోవుటతోనే ఆగిపోవుచున్నది. జయభేరి కోరినవారు ఇట్లు ముగింపరు.

ఈ మాట తెలుగు నేలపై ఎవరి చెవి సోకినదో కూడ తలంపవలెను. 1876-78 కరవు పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు ప్రాంతమున వెల్లంపల్లికడ గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. అన్నమునకై మతము మారిరను నింద నాటినుండి వినవచ్చుచున్నది. కరవుపనులు సాగినంతకాలము మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బాప్తిస్మము లియ్యక నిలిపెనను సంగతి నిందించువారు చెప్పరు. ఆకలి లేదని మేమనము. కాని బాప్తిస్టుల ఆచారమున నీట మునుగుట సమాధియగుట, పైకి వచ్చుట లేచుట. తాకరాదని, నీడ సోకరాదని తరతరములుగ వెలివేయబడిన దేహమునకు, నీ యాత్మ శుద్ధమే సుమా యను మాటవలన ఒరుగునదేమి? ఆ దేహమే మర్యాదతో లేచునని చెప్పిన మాట వేఱు. నేటికిని ఈష్టరునాడు తెల్లవాఱకముందే వారి సంతతివారు పూలతో, క్రొవ్వొత్తులతో సమాధులకడకు పోవుచున్నారు.

ఈ విశ్వాసమునే పరలోకపు హుండీగా మార్చి, ఇహమున ఓర్చుకొమ్మని పేదలకు ఉపదేశించిన బోధకులు అన్ని దేశములలోను కలరు. పిలాతునకు అంతకంటె కావలసినదేమి? మన దక్షిణదేశమున క్రైస్తవ శ్మశానములలోనే దళితుల సమాధులకును తక్కినవారి సమాధులకును నడుమ గోడ లేపిన చోట్లు కలవు. కడపటి దినమున ఆ గోడకు ఏ ప్రక్కవారు ఏ ప్రక్కగా లేచుదురో, ఆ సంఘముల పెద్దలు ఈష్టరు ప్రసంగమున సెలవిచ్చిన వినవలెనని యున్నది.