బతుకమ్మ వలయానికి కాస్త చోటివ్వండి

సూరత్ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్‌లో స్థిరపడ్డాయి. మా పిల్లల కోసం మీ కార్పొరేషన్ తెలుగు బడులు నడుపుతోంది. 2023లో యునెస్కో గుర్తింపు పొందిన గర్బాతో ఊరు మార్మోగే నవరాత్రుల్లోనే మా ఆడపడుచులు బతుకమ్మ ఆడతారు. గుజరాతీ ఇరుగుపొరుగు చూడవస్తే మాకెంతో సంతోషం. ఫొటోలూ తీసుకోవచ్చు. కానీ ఫోన్లతో వలయంలోకి చొరబడితే చప్పట్ల లయ తప్పుతుంది, బంతిపూలు కాళ్లకింద నలుగుతాయి. ఆడపిల్లలను అడక్కుండా దగ్గరగా ఫొటో తీయడం మరీ బాధాకరం.

సద్దుల బతుకమ్మ నాడైనా ఆటస్థలం చుట్టూ తాడు కట్టించండి. ఫొటోలు తీసేవారికి ఒక పక్కన ఎత్తయిన అరుగు, సరిపడా లైట్లు ఏర్పాటు చేయించండి. అడగనిదే దగ్గరి ఫొటోలు తీయరాదని గుజరాతీ, హిందీ, తెలుగుల్లో బోర్డు పెట్టించండి.

ఇట్లు,
లింబాయత్ తెలుగు నివాసి