యాకుత్‌పురాలో వందలో రాని ఆ అరవై మంది ఎవరు?

తెలంగాణ ముఖ్య ఎన్నికల అధికారి గారికి,

నేను గౌలిపురాలో ఉంటున్న రిటైర్డ్ టీచర్‌ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు నాకు డ్యూటీ పడని ఎన్నిక లేదు. ముందురోజు సామగ్రి తెచ్చుకోవడం, బడి గదిలో అట్ట అడ్డం నిలబెట్టి ఓటు వేసే మూల కట్టడం, తెల్లారకముందే ఏజెంట్ల ఎదుట మాక్ పోల్, సాయంత్రం లెక్క సరిపోయేదాకా గుండె దడ. ఆ గదుల్లో కూర్చుని చూసింది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

2023 నవంబరు 30న రాష్ట్రంలో దాదాపు 71 శాతం మంది ఓటేశారు. మునుగోడులో 91 శాతం దాటింది. పాతబస్తీలోని యాకుత్‌పురాలో 39.64. రాష్ట్రం మొత్తానికి అదే అట్టడుగు. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలోనూ 2019లో 44.84, 2024లో 48.48 శాతమే. ఈ అంకెలు వచ్చిన ప్రతిసారీ టీవీల్లో ఒకటే మాట: పాతబస్తీకి పట్టదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టమనిపిస్తుంది. ఆ అంకె ఎట్లా పుడుతుందో నాకు తెలుసు కాబట్టి.

పోలింగ్ అధికారులకు ఓటర్ల జాబితాతో పాటు ఇంకో కాగితం ఇస్తారు. ఏఎస్‌డీ జాబితా అంటాం. ఊళ్లో లేనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చినవి. ఆ పేరు మీద ఎవరైనా వస్తే గట్టిగా చూడమని దాని ఉద్దేశం. అది మంచిదే. కానీ ఆ పేర్లు అసలు జాబితాలోంచి మాత్రం పోవు. పక్కన కూర్చున్న ఏజెంట్లు పేజీ తిప్పుతూ చెప్తుండేవాళ్లు: "మేడం, గీయన జిద్దాల ఉంటడు." "గీమె సచ్చిపోయి మూడేండ్లాయె." సాయంత్రం శాతం కట్టేటప్పుడు జిద్దాలో ఉన్నాయన, చనిపోయినామె ఇద్దరూ 'ఓటు వేయనివాళ్లే'. ఇంట్లో కూర్చుని రానివాడితో సమానం.

పాతబస్తీలో ఇలాంటి పేర్లు పోగుపడడానికి కారణాలున్నాయి. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న గల్లీలు మావి. విదేశాల్లో ఉన్న భారతీయులు జాబితాలో పేరు పెట్టుకోవచ్చు గానీ ఓటు మాత్రం సొంతూరి బూత్‌కు వచ్చే వేయాలి. ఒక్క ఓటు కోసం విమానం ఎక్కి వచ్చేదెవరు? ఇక కిరాయి ఇళ్లు. ఓనర్ కిరాయి పెంచితే శాలిబండ నుంచి ఉప్పుగూడకు, అక్కడి నుంచి బార్కస్‌కు. మనిషి మూడిళ్లు మారేసరికి ఓటు మొదటి ఇంట్లోనే ఉండిపోతుంది. దానికి తోడు ఒకే మనిషి పేరు ఒక కార్డులో మహ్మద్, ఇంకోదాంట్లో మొహమ్మద్, మూడోదాంట్లో ఎండీ; జాబితాలో ఆ ఒక్కరే ముగ్గురైపోతారు.

జాబితాను శుద్ధి చేయలేదని నేను అనడం లేదు. 2023 జనవరి నుంచి 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి హైదరాబాద్ జిల్లాలో 5.41 లక్షల పేర్లు తొలగించినట్లు అధికారులే ప్రకటించారు. అందులో దాదాపు 4.4 లక్షల మంది ఇల్లు మారినవాళ్లు. అక్కడే నా బాధ. చనిపోయినవాళ్ల పేరు తీసేస్తే పని అయిపోయినట్టే. ఇల్లు మారినవాళ్లు బతికే ఉన్నారు కదండీ! పాత ఇంట్లో పేరు కొట్టేసిన చెయ్యి కొత్త ఇంట్లో రాయకపోతే ఆ మనిషి ఎక్కడి ఓటరు? చిరునామా మార్చుకోవడానికి ఫారం 8 అనేది ఒకటుందని అగర్‌బత్తీలు చుట్టే ఆడమనిషికి చెప్పేదెవరు? మా వెనక గల్లీలో ఒకామె రోజు కూలి వదులుకుని, లైన్లో నిలబడి, పేరు లేదనిపించుకుని తిరిగొచ్చింది. మళ్లీ బూత్ గడప తొక్కలేదు. ఆమెకు పట్టదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నిజంగానే ఇష్టం లేక రానివాళ్లూ ఉన్నారు, దాచను. హైదరాబాద్ లోక్‌సభ స్థానం 1984 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. గెలిచేదెవరో తెలిశాక ఎండలో నిలబడడం దేనికని మా గల్లీ పిల్లలు నన్నే అడుగుతారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆసుపత్రి బిల్లుకు, బడి సీటుకు, పోలీస్‌స్టేషన్ గొడవకు జనం పొద్దున్నే ఆ కుటుంబం నడిపే పార్టీ ఆఫీసు దారుస్సలాంకు వెళ్లి నాయకులకు కాగితం ఇస్తారు. పని అవుతుంది. వాళ్లు రాసిచ్చే ఒక ఉత్తరంతో పని అయిపోతున్నప్పుడు అది హక్కులా కాక మేలులా కనిపిస్తుంది. మేలు చేసినాయనకు దువా చేస్తారు గానీ ఆయన్ను లెక్క అడగాలని ఎవరికి తోస్తుంది? పాతబస్తీలో ఓటు పలచబడడానికి ఇది పెద్ద కారణమని నేను నమ్ముతాను.

అయినా యాకుత్‌పురానే చూడండి. 2023లో అక్కడ గెలుపోటముల మధ్య తేడా 878 ఓట్లు. జాబితాలో వందకు అరవై మంది రాని చోట, 878! ఇక 2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో నగరమంతా 46.55 శాతమే పోలైతే, అన్నిటికంటే ఎక్కువ ఓట్లు పడింది మా వైపున్న కంచన్‌బాగ్‌లో, 70.39 శాతం. అన్నిటికంటే తక్కువ అటు యూసుఫ్‌గూడలో. అదే ఏడాది జనవరి 10న పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా మీర్ ఆలం ఈద్గా నుంచి శాస్త్రిపురం దాకా జాతీయ జెండాలు పట్టుకుని ఎన్ని వేల మంది నడిచారో ఈ నగరమంతా చూసింది. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద కూల్చివేత కోసం ఎర్ర గుర్తులు పెట్టినప్పుడు ఆడవాళ్లే ఇంటి కాగితాలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. పట్టని జనం చేసే పనులా ఇవి?

అందుకే అడుగుతున్నాను. పోలింగ్ శాతం ప్రకటించేటప్పుడు ఏఎస్‌డీ పేర్లెన్నో బూత్‌వారీగా పక్కనే వేయండి. రాలేనివాళ్లెవరో, రానివాళ్లెవరో అప్పుడే తెలుస్తుంది. తొలగించే పేర్లను కారణంతో సహా తొలగించకముందే బస్తీ గోడ మీద అతికించండి. బిహార్ ముసాయిదా ఓటర్ల జాబితాలో చేరని దాదాపు 65 లక్షల పేర్లను కారణాలతో బయటపెట్టాలని 2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ వీలైనది ఇక్కడా వీలవుతుంది. పేరు తీసేయమని రాసే బీఎల్‌ఓ చేతికే కొత్త చిరునామా రాసుకునే ఫారం కూడా ఇవ్వండి.

బురఖా వేసుకునే మహిళల మాట కూడా చెప్పాలి. 2024 మే 13న లోక్‌సభ పోలింగ్‌లో ఒక అభ్యర్థి బూత్‌లో మహిళల ముసుగు తీయించి కార్డుతో పోల్చి చూడడం దేశమంతా చూసింది, కేసూ నమోదైంది. ముఖం చూసి గుర్తుపట్టే పని ప్రతి గదిలో ఒక మహిళా ఉద్యోగి, చాటున మాత్రమే చేయాలి. అభ్యర్థికి అందులో పని లేదని ఉర్దూలో, తెలుగులో రాసి తలుపు మీద అంటించండి. అది చదివితే ఇంకో పది మంది ఆడవాళ్లు ధైర్యంగా వస్తారు.

మా బీఎల్‌ఓ అంగన్‌వాడీ టీచర్. పిల్లల తిండి చూసుకుని, ఆ తర్వాత సంచి తగిలించుకుని మెట్లెక్కుతుంది. సగం తలుపులు మూసే ఉంటాయి. మా గల్లీలో ఎవరు ఎప్పుడు ఎక్కడికి మారారో నాకు తెలుసు, వాళ్లలో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్లే. ఆమె వచ్చే రోజు చెప్పమనండి. ఆమెతో నేనూ తిరుగుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని,
గౌలిపురా, హైదరాబాద్