ఐదు రోజుల నీడ చాలదు – దివిసీమకు ఏడాది ఇల్లు కావాలి

కోడూరు మండల ప్రజలకు విజ్ఞప్తి



1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత మన దివిసీమ తీరంలో తుఫాను షెల్టర్లు లేచాయి. వాయుగుండం అనగానే పాలకాయతిప్ప జనాన్ని ఎక్కడికి చేర్చాలో అధికారులకు తెలుసు. మొగుడు కొట్టి అర్ధరాత్రి బయటికి గెంటిన ఆడమనిషిని ఎక్కడికి చేర్చాలో మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఆమె ముందు పుట్టింటికే పోతుంది. నాలుగు రోజులు పోయేసరికి అక్కడా ముఖాలు మారతాయి. పెద్దమనుషులు కూర్చుని "సర్దుకుపోవమ్మా" అంటారు. గది అద్దెకు అడిగితే "మగదిక్కు ఎవరమ్మా?" అన్నది మొదటి ప్రశ్న, అడ్వాన్సు సంగతి ఆ తర్వాత. నాట్లకో, మినుము తీతకో, రొయ్యల షెడ్డుకో పోదామంటే చంటిదాన్ని ఎవరు చూస్తారు? ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం అత్తారింటి బీరువాలో ఉండిపోయాయి. రేషన్ కార్డులో పేరు ఇంకా ఆ మొగుడి పక్కనే ఉంది. ఇక మిగిలేది బస్టాండు అరుగు, లేదా తన్ని తరిమిన ఆ ఇల్లే.

చట్టం లేక కాదు. 2005 గృహహింస చట్టం భార్యకు కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం ఆదుకుంటుంది. కానీ అక్కడి బస ఐదు రోజులకే. నగరాల్లో నిరాశ్రయులకు లక్ష జనాభాకో షెల్టర్ ఉండాలన్నారు. కోడూరు పల్లె కాబట్టి ఆ లెక్కలోకి రాదు. ఎక్కువ కాలం ఉంచుకునే శక్తి సదన్ పథకం 2022 నుంచి ఉంది. అయితే పిల్లల్ని బడి మాన్పించి, అవనిగడ్డ, చల్లపల్లి దాటుకుని ఆ సదన్ కోసం ఊరుకాని ఊరు పోతే ఆమెకు తెలిసిన కూలి పని పోతుంది, అండగా నిలిచే డ్వాక్రా తోటివాళ్లూ దూరమవుతారు.

ఐదు రోజుల్లో దెబ్బలు మానవచ్చు, బతుకు కుదుటపడదు. కాగితాలు తెచ్చుకోవడానికి, పని వెతుక్కోవడానికి, కోర్టు వాయిదాలు తిరగడానికి, అడ్వాన్సుకు నాలుగు డబ్బులు వెనకేయడానికి నెలలు పడుతుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఈ సంగతి ఏనాడో గ్రహించారు. 1937లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర మహిళా సభ దిక్కులేని స్త్రీలకు నీడతో పాటు చదువూ చేతిపనీ నేర్పింది. నీడ ఒక్కటే ఇస్తే మనిషి అక్కడే ఉండిపోతుంది. పని కూడా చేతికిస్తే తన దారిన తాను నడుస్తుంది.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి:

1. కోడూరులోనో అవనిగడ్డలోనో పది కుటుంబాలకు సరిపడే ఇల్లు. తల్లికి తన గది, తన తాళం, తన పొయ్యి. ఏడాది దాకా ఉండనివ్వాలి.

2. పదేళ్లు దాటిన కొడుకును తల్లి నుంచి విడదీయకూడదు. పిల్లలు చదివే బడి మారకూడదు.

3. వచ్చిన వారంలోనే సచివాలయం సిబ్బంది ఆ ఇంటికే వచ్చి ఆధార్, బ్యాంకు ఖాతా, విడి రేషన్ కార్డు, అర్హత ఉంటే ఒంటరి మహిళ పింఛను పనులు మొదలుపెట్టాలి.

4. పసిపిల్లలకు పగటి సంరక్షణ. తెల్లవారుజామున పనికి పోయే తల్లికి తొమ్మిదింటికి తెరిచే కేంద్రం పనికిరాదు.

5. ఇల్లు వదిలి వెళ్లాక కూడా ఆరు నెలల పాటు ఒక కార్యకర్త వెళ్లి పలకరించాలి.

"ఇలాంటివి పెడితే కాపురాలు కూలిపోవూ?" అని కొందరి బెంగ. చెయ్యెత్తినప్పుడే ఆ కాపురం సగం కూలింది. పోయే చోటు లేని మనిషి పంచాయితీలో తలూపుతుంది. పోయే చోటున్న మనిషి తన షరతు చెబుతుంది. తిరిగి కాపురానికి వెళ్లినా ఆ షరతు మీదే వెళుతుంది. మన కూతురైతే ఎలా వెళ్లాలని కోరుకుంటాం?

రాబోయే గ్రామసభకు ప్రతి డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరైనా రండి. తీర్మానం రాయించి నకలు తీసుకుందాం. ఆ నకలుతో సోమవారం బందరు కలెక్టరేట్‌లో అర్జీ పెడదాం. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ భవనం మీ ఊళ్లో ఉంటే సర్వే నంబరుతో సహా రాసి తెండి. స్థలం లేదన్న మాట అధికారుల నోట రాకముందే మనమే చూపిద్దాం.

ఇట్లు,
కోడూరు మండల మహిళలు