పుస్తకం అమ్ముకుందాం, వాదాన్ని కాదు

ఏ తెలుగు పుస్తకమైనా తీసి ముద్రణ వివరాల పేజీ చూడండి. ‘ప్రతులకు’ అన్నచోట చాలాసార్లు రచయిత ఇంటి చిరునామా, సెల్ నంబరు కనిపిస్తాయి. వాటి కింద నవోదయ, విశాలాంధ్ర వంటి పుస్తకాల దుకాణాల పేర్లుంటాయి. కవితా సంపుటి అయితే ఐదు వందల కాపీలు, కథల పుస్తకమైతే మహా అయితే వెయ్యి. డీటీపీ, కవర్ పేజీ, కాగితం, అచ్చు, బైండింగు, చివరికి ఆవిష్కరణ సభకు హాలు అద్దె కూడా రచయిత జేబులోంచే పోతాయి. దుకాణంలో పెడితే ధరలో పెద్ద భాగం కమిషన్ కింద పోతుంది, మిగిలింది ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం. ఇంగ్లిషులో సొంత ముద్రణ అంటే ప్రచురణకర్తలు కాదన్న పుస్తకమన్న చిన్నచూపు చాలాకాలం ఉండేది. తెలుగులో ఆ చిన్నచూపుకు చోటే లేదు. మన సమకాలీన కవిత్వంలో ఎక్కువ భాగం కవులు సొంత ఖర్చుతో వేసుకున్నదే. అందుకే ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తన పుస్తకం గురించి తానే చెప్పుకుంటున్న రచయితను ‘సొంత డబ్బా’ అని వెక్కిరించడం అన్యాయం. అతని తరఫున చెప్పేవాళ్లు ఎవరున్నారు? 1924లో మొదలైన సాహిత్య మాసపత్రిక ‘భారతి’ 1991లో ఆగిపోయింది. 1978 నుంచి నడిచిన ‘విపుల’, ‘చతుర’ మాసపత్రికలు 2021లో మూతపడ్డాయి. దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో పుస్తక సమీక్షకు దొరికే జాగా పది వాక్యాలకు కుదించుకుపోయింది. 2016 చివర్లో అమెజాన్ కిండిల్ ఐదు భారతీయ భాషల పుస్తకాలకు తలుపు తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఇన్ని దారులు మూసుకుపోయాక మిగిలింది ఫోను తెర ఒక్కటే. రచయిత అక్కడ తన పుస్తకం పేరు పదిసార్లు చెప్పుకుంటే తప్పు పట్టడానికేమీ లేదు.

నా అభ్యంతరం ఇంకోచోట ఉంది. అదే ఫేస్‌బుక్ గోడ మీద, అదే రచయిత భాష గురించి, కులం గురించి, స్త్రీల గురించి, ప్రాంతం గురించి, అవార్డుల గురించి వాదిస్తున్నారు. పొద్దున వాదం, సాయంత్రం పుస్తకం ముఖచిత్రం, దాని కింద ఫోన్‌పే నంబరు. కొన్నాళ్లకు వాదం పుస్తకానికి గిరాకీ తెచ్చే పనిముట్టు అయిపోతోంది. అక్కడ రచయిత పోగొట్టుకునేది తన అభిప్రాయాన్ని మార్చుకునే స్వేచ్ఛ. ఇది పెద్ద నష్టం, ఎందుకంటే తెలుగులో మంచి వాదాలన్నీ ఆ స్వేచ్ఛ వల్లనే పండాయి.

రచయిత, ప్రచురణకర్త, వాదకుడు ఒక్కరే కావడం మనకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో రాజమండ్రి నుంచి ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. మొదట మద్రాసులో అచ్చు వేయించి, తర్వాత రాజమండ్రిలోనే ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నారు. సంప్రదాయ పండితుడు కొక్కొండ వేంకటరత్నం పంతులుతో ఆయన సాగించిన వాగ్వాదం పత్రికకు పోటీగా పత్రిక పుట్టేదాకా వెళ్లింది. గిడుగు రామమూర్తి పంతులు 1919లో వ్యావహారిక భాష కోసం ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. గ్రాంథికవాది జయంతి రామయ్య పంతులుతో ఆయన వాదం ఏళ్ల తరబడి సాగింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు చదివి, ఉదాహరణలు ఎత్తి చూపి, కావ్యాల్లోంచి, శాసనాల్లోంచి ఆధారాలు తెచ్చి పుస్తకాలుగా అచ్చువేశారు. ఆ వాదానికి దక్కిన అతి పెద్ద ఫలితం ఏమిటో గుర్తు చేసుకోవాలి. జీవితంలో ఎక్కువ భాగం గ్రాంథికంలో రాసి, గ్రాంథిక వ్యాకరణం కూర్చిన వీరేశలింగం అదే 1919లో, తన చివరి ఏడాదిలో, వ్యావహారిక భాష కోసం ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులుగా ఉండటానికి ఒప్పుకున్నారు. డెబ్బై ఏళ్ల వయసులో, నాటి తెలుగు రచయితలందరిలోకీ పెద్దపేరున్న మనిషి, తాను నడిచిన దారి కాక మరో దారి సరైనదని బహిరంగంగా నిలబడ్డారు. తన పుస్తకాలు కొన్నవాళ్లు ఏమనుకుంటారోనన్న భయం ఆయన్ను ఆపలేదు. నూరేళ్ల తర్వాత మన రచయితల్లో ఎందరు ఆ పని చేయగలరు? వాళ్ల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. వాళ్లను కట్టిపడేసిన ఏర్పాటు వేరేది.

ఆ ఏర్పాటును కొంచెం దగ్గరగా చూడాలి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ పోస్టులు చూపించే వరుసక్రమాన్ని మార్చి, మనుషుల మధ్య వ్యాఖ్యలు ఎక్కువగా నడిచే పోస్టులకు ప్రాధాన్యమిస్తానని ప్రకటించింది. అంతకుముందు ఏడాది నుంచే కోపం బొమ్మతో సహా ఎమోజీ స్పందనలకు మామూలు లైకుకన్నా ఐదు రెట్లు విలువ కట్టేదని 2021లో బయటికొచ్చిన ఆ సంస్థ అంతర్గత పత్రాలు తెలిపాయి. తర్వాత ఆ లెక్క మారింది గానీ రచయితలకు ఈలోగా అబ్బిన అలవాటు మారలేదు. ఏది రాస్తే నలుగురూ చూస్తారో వాళ్లకు అనుభవం నేర్పింది. ఓపికగా రాసిన వ్యాసానికి ఇరవై మంది, ఒక తోటి రచయితను పేరు పెట్టి నిలదీస్తే రెండు వందల మంది. ఆ రెండు వందల్లో సగం మంది రచయిత పక్షాన చేరతారు, వాళ్లలో కొందరు పుస్తకం కొంటారు. వాళ్లు కొన్నది పుస్తకంతోపాటు ఒక పక్షాన్ని కూడా. ఎదుటివాడి మాటలో న్యాయముందని మరుసటి నెల రచయితకు తోచినా పైకి చెప్పలేరు. చెబితే సగం మంది పాఠకులు దూరమవుతారు, రెండో పుస్తకం కాపీలు ఇంట్లో మంచం కింద మిగిలిపోతాయి. సొంత డబ్బు పెట్టిన మనిషికి ఇది చిన్న భయం కాదు. జీతం తీసుకుని పత్రికలో వాదించే సంపాదకుడికి, విశ్వవిద్యాలయంలో పనిచేసే విమర్శకుడికి ఈ భయం ఇంత నేరుగా ఉండదు.

విమర్శకు కూడా ఇదే గతి పడుతోంది. 2012లో న్యూయార్క్ టైమ్స్ ఒక సంగతి బయటపెట్టింది. పది లక్షల ఈ-బుక్‌లు అమ్మిన సొంత ముద్రణ రచయితగా పేరు పొందిన అమెరికా రచయిత జాన్ లాక్, ఒక సంస్థకు డబ్బు కట్టి వందల సమీక్షలు రాయించుకున్నాడు. తెలుగులో సమీక్షలకు అంత డబ్బు చేతులు మారదు, మొహమాటం మారుతుంది. నా పుస్తకం మీద నువ్వు రాస్తే నీ సభకు నేను వక్తగా వస్తాను. ఎవరూ నోరు విప్పి చెప్పకపోయినా ఒప్పందం ఇదే. దాంతో పుస్తకాన్ని మెచ్చుకోవడం స్నేహానికి గుర్తుగా, లోపం చూపడం శత్రుత్వానికి గుర్తుగా మారాయి. పుస్తకంలో లోపం చెప్పిన మనిషి మర్నాటికల్లా పాత గొడవలో ‘వాళ్ల పక్షం’ అయిపోతాడు. ఎదురుదెబ్బ తినకుండా పెరుగుతున్న కొత్త రచయితలు చాలామందికి, తమ మూడో పుస్తకం మొదటిదానికంటే ఎక్కడ బాగుందో, ఎక్కడ బలహీనపడిందో చెప్పే గొంతు ఒక్కటీ వినబడదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. వివాదం లేకుండా ఏ కొత్త మాట జనంలోకి వెళ్లింది, దిగంబర కవులు చేసిందేమిటి అని అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. ఆ తిరుగుబాటు కవులు 1965లో హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత తమ తొలి సంపుటి ఆవిష్కరింపజేశారు. ఆ తర్వాతి ఏడాది విజయవాడలో ఒక హోటల్ కార్మికుడి చేత, 1968లో విశాఖపట్నంలో ఒక యాచకురాలి చేత మిగతా రెండూ. జనం చూపు తిప్పుకోవడానికే ఆ పని చేశారనడంలో అనుమానం లేదు. అయితే ఆ ఆవిష్కరణలోనే వాళ్ల వాదం ఉంది. కవిత్వం ఎవరి చేతుల్లో ఉండాలన్నదే అక్కడి ప్రశ్న, అదే ప్రశ్న లోపలి పేజీల్లోనూ ఉంది. ఇంకో సంగతి మరింత ముఖ్యం. దిగంబర కవులన్న పేరుకు రాష్ట్రమంతా గిరాకీ ఉన్న రోజుల్లోనే వాళ్లలో పలువురు ఆ దశ చాలనుకుని, 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘం (విరసం) వైపు నడిచారు. సంచలనం తెచ్చిన పేరుకు వాళ్లు బందీలు కాలేదు. రంగనాయకమ్మను చూడండి. రామాయణాన్ని విమర్శిస్తూ ఆమె రాసిన ‘రామాయణ విషవృక్షం’ కన్నా ఎక్కువ వివాదం రేపిన తెలుగు పుస్తకాలు అరుదు. స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరుతో ఆమె తన పుస్తకాలు తానే వేసుకుని, పేజీలతో పోలిస్తే చాలా తక్కువ ధరకు ఇచ్చారు. తన మీద వచ్చిన విమర్శలకు జవాబులు పుస్తకాల్లోనే అచ్చువేశారు. తన తొలినాటి నవలలను మళ్లీ ముద్రించినప్పుడు తన పాత భావాలనే తప్పుపడుతూ ముందుమాటలు రాశారు. ఆమె సిద్ధాంతంతో ఏకీభవించనివాళ్లు కూడా ఒప్పుకోవలసిన నిజాయితీ అది. వివాదం ఆమె పుస్తకం లోపల జరిగింది, అమ్మకం కోసం బయట పెట్టిన మంట కాదు.

ఇంకో అభ్యంతరం మరింత బరువైనది. పెద్ద ప్రచురణ సంస్థలు, పెద్ద పత్రికలు ఎవరిని లోపలికి రానిచ్చాయో, ఎవరిని గుమ్మంలోనే ఆపాయో మనకు తెలుసు. దళిత, ముస్లిం, స్త్రీ, ఆదివాసీ గొంతులకు సొంత ముద్రణ, ఇప్పుడు సామాజిక మాధ్యమం, దొరికిన దారులు. వాటికి ఇప్పుడు మర్యాదలు నేర్పడం మళ్లీ కాపలా పెట్టడం కాదా? కాపలా పెట్టమని నేను అనడం లేదు, ఆ దారి మూసుకుపోతే నష్టపోయేది తెలుగు సాహిత్యమే. కానీ 1993లో స్త్రీవాద కవితా సంకలనం ‘నీలిమేఘాలు’, 1995లో దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ముస్లింవాద కవితా సంకలనం ‘జల్‌జలా’ ఎలా వచ్చాయో చూడాలి. పెద్ద సంస్థలు వేసినవి కావు అవి. ఒక్కోదాని వెనుక సంపాదకులున్నారు, ఎంపిక ఉంది. వాటి మీద చర్చ తెలుగు విమర్శ దిశనే మార్చింది, ఇప్పటికీ ఆ పుస్తకాలు తెరిచి వాదించవచ్చు. ఈనాటి వాదాలకు ఆ భాగ్యం లేదు. తొలి తరం అంతర్జాల తెలుగువాళ్లు సాహిత్యం గురించి గంటలకొద్దీ రాసుకున్న యాహూ గ్రూపుల్లోని సమాచారాన్నంతా ఆ సంస్థ 2019 డిసెంబరులో తొలగించింది. ఫేస్‌బుక్ వాదం నాలుగు రోజులకే అడుగున పడుతుంది, మళ్లీ వెతికినా దొరకదు. అణగారిన వర్గాల రచయిత పడిన కష్టం, చూపిన ఆధారం అలా కొట్టుకుపోతే ఎక్కువ నష్టం ఆ రచయితకే, ఎందుకంటే అదే వాదం వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి చేయాలి. తిట్లు, బెదిరింపులు కూడా ముందుగా వాళ్ల మీదికే వస్తాయి.

డబ్బు సంగతి కూడా తేల్చాలి. ఐదు వందల కాపీలు అమ్ముడుపోతాయన్న భరోసా ఉంటే ఏ రచయితా దుకాణం కోసం తగాదా పెట్టుకోడు. ఆ భరోసా ఇవ్వాల్సింది గ్రంథాలయాలు. ఆస్తి పన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమంతా కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదు, కొత్త పుస్తకాల కొనుగోళ్లు ఏళ్ల తరబడి నిలిచిపోతున్నాయి. రచయితల సంఘాలు అవార్డుల మీద పెట్టే శక్తిలో సగం ఈ బకాయిల మీద పెడితే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ సొంత ముద్రణ రచయితకు ఊపిరి అందుతుంది.

ఈలోగా రచయితలు చేయగలిగినవి ఉన్నాయి. పుస్తకం గురించి ఎన్నిసార్లైనా చెప్పుకోండి, కానీ వాదించే రోజున ధర, నంబరు పక్కన పెట్టండి. అచ్చుకు పెట్టే ఖర్చులో కొంత మంచి ఎడిటర్‌కు ఇవ్వండి. వాదం పూర్తయ్యాక దాన్ని ఒక వ్యాసంగా, ఎదుటివాళ్ల మాటతో సహా రాసి ఎక్కడైనా అచ్చువేయండి. రెండో ముద్రణ వస్తే మొదటిదానిపై వచ్చిన గట్టి విమర్శను వెనుక పేజీల్లో చేర్చండి. పాఠకులకు నా విన్నపం ఒక్కటే. మీరు డబ్బు పెట్టి చదివిన రచయిత ఒకరోజు ‘నేను అప్పుడు రాసింది తప్పు’ అని రాస్తే, దాన్ని పక్షం మార్చడంగా చూడకండి. ఆ రచయిత తర్వాతి పుస్తకం తప్పకుండా కొనండి.