కళ్లకు గంతలు కట్టుకునే తీరిక ఎవరికుంది?

వీఆర్ హెడ్‌సెట్ మాట వస్తే మన క్లాసులో రెండు జవాబులే వినిపిస్తాయి. ఇంకో ఐదేళ్లలో ఇంటింటా ఉంటుందని కొందరు, ధర తగ్గితే అందరూ కొంటారని కొందరు. ధర ఒక్కటే అడ్డంకి అంటే నేనొప్పుకోను.

2020లో క్వెస్ట్ 2 హెడ్‌సెట్ 299 డాలర్లకే వచ్చింది. అప్పట్లో నింటెండో స్విచ్ ధరా అంతే. స్విచ్ ఇప్పటికి 15 కోట్లు దాటింది, క్వెస్ట్ దాని దరిదాపుల్లో లేదు. 2020 మొదట్లో సోనీ లెక్క చూడండి: ప్లేస్టేషన్ 4 పది కోట్లు దాటితే, దానికి తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్ 50 లక్షలు. అంటే ఆటల మీద ఇష్టంతో డబ్బు పెట్టినవాళ్లలో కూడా ఇరవై మందిలో ఒక్కరు.

తల తిరగడం ఒక కారణం. కళ్లేమో పరిగెడుతున్నామంటాయి, లోపలి చెవేమో కూర్చునే ఉన్నామంటుంది. ఆ తగాదాకి కడుపులో తిప్పుతుంది. కానీ అంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది. ఫోన్‌లో ఆట బస్సులో ఆడొచ్చు, కుక్కర్ విజిల్ వస్తే పక్కన పెట్టొచ్చు. హెడ్‌సెట్‌కి అలా కుదరదు. నిలబడి ఆడాలంటే ఆరున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు ఖాళీ కావాలి. కళ్లూ చెవులూ రెండూ దానికే అప్పగించాలి.

మా ఇంట్లో అమ్మ తమిళంలో పిలుస్తుంది, అవ్వ తెలుగులో పిలుస్తుంది. రెండింటికీ వెంటనే పలకాలి! పోయిన సెలవుల్లో ఒక మాల్‌లో పది నిమిషాలు వీఆర్ ఆట ఆడాను. బాణం వదులుతుంటే నిజంగా ఒళ్లు పులకరించింది. కానీ మనసంతా నా బ్యాగ్ ఎక్కడుందో, వెనకాల ఎవరు నిలబడ్డారో అన్నదాని మీదే. పక్కన స్నేహితురాలు కాపలా ఉంది కాబట్టి ఆడగలిగాను.

లోపలి లోకంలోనైనా నిశ్చింత ఉందా అంటే, అదీ లేదు. మెటా వాళ్ల హొరైజన్ వరల్డ్స్‌లో ఆడవాళ్లు వేధింపుల గురించి చెప్పాక, 2022 ఫిబ్రవరిలో ఒక బొమ్మ ఇంకో బొమ్మ దగ్గరికి రాకుండా దాదాపు నాలుగు అడుగుల హద్దు పెట్టాల్సొచ్చింది.

2023లో వచ్చిన క్వెస్ట్ 3 మన చుట్టూ ఉన్న గదిని రంగుల్లో చూపిస్తుంది. ఇది మంచి దారి. బయటి లోకాన్ని పూర్తిగా మూసేస్తే ఎక్కువమందికి కుదరదని తయారుచేసేవాళ్లకీ అర్థమైనట్టుంది. బరువు తగ్గి, పిలిస్తే వినబడి, ఐదు నిమిషాల్లో మొదలుపెట్టి ఆపేయగలిగితే హెడ్‌సెట్ మామూలు ఆటల్లో చేరుతుంది. అప్పటిదాకా అది ఖాళీ గదీ, ఖాళీ గంటా ఉన్నవాళ్ల ఆటే.

ఆ ఖాళీ గంట ఎవరిదన్నది మాత్రం ఏ కంపెనీ తేల్చదు. తమ్ముడు ఆడుతుంటే "పోనీలే, ఆడుకోనీ" అంటారు. మనం ఆడుతున్నప్పుడు కూడా ఆ మాట వినబడాలి. అది ఇళ్లల్లో మనమే అడగాలి.